గ్రాన్యులోమేటస్ మాస్టైటిస్: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో చికిత్స

గ్రాన్యులోమేటస్ మాస్టైటిస్ రొమ్ములో వచ్చే అరుదైన, మొండి వాపు వ్యాధి. ఇది క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారుతుందనడానికి ఆధారం లేదు. పాలిచ్చే తల్లికి వచ్చే మామూలు పాలగడ్డ సరైన మందు పడితే వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఈ జబ్బు నెలల తరబడి ఉంటుంది. గట్టిపడుతుంది, చీము పడుతుంది, ఒకచోట మానుతూ మరోచోట పగులుతుంది. కారణం తేలని కేసులకు వైద్యులు పేరు ముందు ‘ఇడియోపతిక్’ అని చేర్చి, పొట్టిగా ఐజీఎం అంటారు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల మహిళలకు ఈ వ్యాధి వస్తే చికిత్స ఎలా సాగాలన్నది ఈ వ్యాసం విషయం. మందులు ప్రపంచమంతటా అవే. కానీ ముక్క పరీక్ష ఎక్కడ చేస్తారు, టీబీని ఎలా వేరు చేస్తారు, కూలి పోగొట్టుకోకుండా ఎన్నిసార్లు దవాఖానకు వెళ్లగలరు అన్నవి కూడా మందుతో సమానంగా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

వ్యాధి తీరు

ఇది ఎక్కువగా పిల్లలు పుట్టే వయసులోని వారికి, అందులోనూ చివరి కాన్పు తరువాత ఐదేళ్ల లోపు వస్తుంది. సాధారణంగా ఒక రొమ్ముకే వస్తుంది. మొదట గట్టి గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి ఉండవచ్చు, లేకపోవచ్చు. తరువాత చర్మం ఎర్రబడుతుంది, కొందరికి చనుమొన లోపలికి లాక్కుపోతుంది, చంకలో బిళ్లలు కడతాయి. ఇవన్నీ క్యాన్సర్‌లోనూ కనిపించేవే. అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ చూసిన రేడియాలజిస్టు కూడా చాలాసార్లు క్యాన్సర్ అనుమానం రాయక తప్పదు. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. కాబట్టి ఆ రిపోర్టు అనుమానమే తప్ప నిర్ధారణ కాదన్న మాటను డాక్టరు ఆ రోజే, ఆమె ముందే చెప్పాలి.

కొందరు రోగులకు మోకాళ్ల కింద ముందువైపు ఎర్రటి, ముట్టుకుంటే నొప్పి పుట్టే బొడిపెలు లేస్తాయి, కీళ్లు వాస్తాయి. రొమ్ముకూ కాళ్లకూ సంబంధం ఏమిటని ఆమె ఆ సంగతి చెప్పకపోవచ్చు, డాక్టరూ అడగకపోవచ్చు. నిజానికి వ్యాధి వెనుక శరీర రక్షణ వ్యవస్థ రెచ్చిపోయి ఉందనడానికి అది పెద్ద గుర్తు.

సూక్ష్మదర్శిని కింద చూస్తే పాలు తయారయ్యే లోబ్యూళ్ల చుట్టూ రక్షణ కణాలు గుంపులు కట్టి కనిపిస్తాయి. ఆ గుంపులే గ్రాన్యులోమాలు. పాల నాళాల నుంచి పాలో, స్రావమో పక్కనున్న కండలోకి ఊరితే శరీరం దాన్ని పరాయి పదార్థంగా భావించి దాడికి దిగుతుందని, ఆ దాడి ఆగకుండా సాగడమే ఈ జబ్బని ఎక్కువమంది పరిశోధకుల ఆలోచన. ప్రొలాక్టిన్ హార్మోను ఎక్కువైన కొందరిలోనూ ఇది కనిపించింది. కాన్పుతో సంబంధం లేకుండా వ్యాధి వచ్చినా, చనుమొన నుంచి పాలు కారుతున్నా ఆ హార్మోను రక్తపరీక్ష చేయించాలి. ఆమె వాడుతున్న మాత్రలన్నీ చూడాలి. మానసిక వ్యాధులకు ఇచ్చే రిస్పెరిడోన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. ‘గ్యాస్ మాత్ర’ పేరుతో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గోళీల్లో చాలాసార్లు కలిసి ఉండే డోంపెరిడోన్ కూడా అలాంటిదే.

వ్యాధిని గుర్తించిన చరిత్ర

ఈ వ్యాధిని 1972లో కెస్లర్, వోలోక్ అనే వైద్యులు క్యాన్సర్‌ను పోలిన ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. అంతకుముందు ఇలాంటి రోగులు టీబీ లెక్కలోనో, మానని చీముగడ్డ లెక్కలోనో కలిసిపోయి ఉంటారు. 1980లో డిహెర్టో బృందం ప్రెడ్నిసోన్‌తో నయమైన తీరును ప్రచురించింది. కోసి తీయడమే మందు అనుకునే దశ అక్కడి నుంచి మారడం మొదలైంది.

న్యూజీలాండ్ పరిశోధకులు 2002–03లో మరో మలుపు తెచ్చారు. మావోరీ, పసిఫిక్ ద్వీపాల మహిళల రొమ్ము చీములో ‘కొరినీబాక్టీరియమ్ క్రోపెన్‌స్టెడ్టీ’ అనే సూక్ష్మజీవి తరచుగా కనబడుతోందని వారు గమనించారు. ఇది కొవ్వు ఉన్నచోటే బాగా పెరిగే జీవి. ల్యాబ్‌లో మామూలు పద్ధతిలో రెండు రోజులు పెంచితే కనబడకపోవచ్చు. కొవ్వు కలిపిన మాధ్యమంలో ఎక్కువ రోజులు ఉంచాలి. ‘చీములో క్రిములు లేవు’ అన్న రిపోర్టును ఈ జబ్బులో చివరి మాటగా తీసుకోకూడదనడానికి కారణం ఇదే. అయితే ఆ జీవి ప్రతి రోగిలోనూ దొరకదు. అది జబ్బుకు మూలమా, జబ్బు పడిన చోట వచ్చి చేరినదా అన్న వాదన తెగలేదు.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 2006–2008 మధ్య హిస్పానిక్ మహిళల్లో ఈ కేసులు వరుసగా కనిపించడంతో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ దర్యాప్తు జరిపి 2009లో నివేదిక వెలువరించింది. తుర్కియే, ఇరాన్, చైనా, ఈజిప్టు, భారత్ నుంచి కూడా పెద్ద సంఖ్యలో అనుభవాలు అచ్చయ్యాయి.

ముక్క పరీక్ష: చికిత్సకు గుమ్మం

ఈ వ్యాధి చికిత్సలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం మందు ఎంపికలో జరిగేవి కావు, ముక్క పరీక్షకు ముందు జరిగేవి. గడ్డ కనబడగానే కోసి చీము తీయడం, తగ్గకపోతే మళ్లీ కోయడం, యాంటీబయాటిక్‌ల మీద యాంటీబయాటిక్‌లు మార్చడం అన్నవి అందరికీ అలవాటైన దారి. పాలగడ్డకు అది పనిచేస్తుంది కాబట్టి ఆ అలవాటు తప్పని చెప్పలేం. కానీ రెండు వారాల సరైన మందుతోనూ తగ్గని గడ్డ, లేదా తగ్గి మళ్లీ అదే చోట లేచిన గడ్డ ముక్క పరీక్షకు వెళ్లాలి. ఐజీఎంలో కోసిన ప్రతి గాటూ మానని రంధ్రంగా మిగలవచ్చు. చీము పోగుపడితే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో లాగేయడం మేలు.

సన్న సూదితో కణాలు తీసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష కొంత సమాచారం ఇస్తుంది గానీ గ్రాన్యులోమా లోబ్యూల్ చుట్టూ ఉందా, మరెక్కడైనా ఉందా అన్నది చూపలేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి దొడ్డు సూదితో కండ తీగలు తీసే కోర్ బయాప్సీ కావాలి. ఇందుకు పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు, ఆ రోజే ఇంటికి వెళ్లవచ్చు. ‘సూది తగిలితే జబ్బు ఒళ్లంతా పాకుతుంది’ అన్న భయం ఊళ్లలో గట్టిగా ఉంది. అది నిజం కాదు. ఈ ఒక్క భయాన్ని ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎమ్ తొలగించగలిగితే రోగికి నెలల బాధ తప్పుతుంది.

తీసిన కండ రెండు సీసాల్లో వెళ్లాలి. ఒకటి ఫార్మలిన్‌లో, పాథాలజీకి. రెండోది సెలైన్‌లో, టీబీ జన్యుపరీక్షకూ కల్చర్‌కూ. మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌కు ఇక అవకాశం ఉండదు, మళ్లీ సూది గుచ్చవలసి వస్తుంది. చిన్న విషయంలా కనిపించే ఈ రెండో సీసా ఆమె తరువాతి ఆరు నెలలు ఏ మందు మింగుతుందో నిర్ణయిస్తుంది.

కొన్నేళ్ల క్రితం వరకు ఈ మూడు జిల్లాల నుంచి ముక్క పరీక్ష అంటే మహబూబ్‌నగర్, కర్నూలు లేదా హైదరాబాద్ ప్రయాణమే. వనపర్తి, నాగర్‌కర్నూలులో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో మొదలయ్యాయి, గద్వాలలో 2024లో. వైద్య కళాశాల అంటే సర్జరీ, రేడియాలజీ, పాథాలజీ, మైక్రోబయాలజీ విభాగాలు ఒకే చోటికి రావడం. ఈ వ్యాధికి కావలసిందీ సరిగ్గా ఆ నాలుగు విభాగాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే. అయినా పాత దారులు మాసిపోలేదు. గద్వాల వైపు నడిగడ్డ మహిళకు తుంగభద్ర దాటితే కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర. అక్కడి వైద్య కళాశాల 1957 నాటిది, గద్వాల నుంచి రైలు కూడా ఉంది. నాగర్‌కర్నూలు నుంచి బస్సులో హైదరాబాదే సులువు. ఎటు వెళ్లినా పాథాలజీ రిపోర్టుతో పాటు గాజు స్లైడ్లనూ బ్లాకులనూ అడిగి తెచ్చుకోవచ్చు. రెండో అభిప్రాయానికి మళ్లీ కండ తీయకుండా అవే సరిపోతాయి.

హైదరాబాద్‌లో రొమ్ము వ్యాధులకు ప్రత్యేక వైద్యం వేరుగా వేళ్లూనడంలో సర్జన్ పిల్లారిశెట్టి రఘురామ్ పాత్ర ఉంది. 2007లో అక్కడ కిమ్స్–ఉషాలక్ష్మి రొమ్ము వ్యాధుల కేంద్రాన్ని ఆయన నెలకొల్పారు. ఆయనకు 2015లో పద్మశ్రీ లభించింది. క్యాన్సర్ అవగాహన కోసం సాగిన ప్రచారం వల్ల రొమ్ములో గడ్డ గురించి నోరు విప్పి చెప్పడం కొంత తేలికైంది. క్యాన్సర్ కాని గడ్డలకూ ఆ మేలు అందింది.

టీబీతో చిక్కు

రొమ్ము టీబీని 1829లోనే ఇంగ్లండు సర్జన్ ఆస్ట్లీ కూపర్ వర్ణించారు. మన దేశంలో అది ఇప్పటికీ కనిపిస్తుంది. టీబీలోనూ గ్రాన్యులోమాలే, అదే వయసు, అదే చీము, అవే రంధ్రాలు. గ్రాన్యులోమా నడుమ కండ జున్నుముక్కలా చితికిపోయి ఉంటే టీబీ వైపు మొగ్గుతుంది. లోబ్యూల్ చుట్టూ, చితకకుండా, తెల్ల రక్తకణాల గుంపులతో ఉంటే ఐజీఎం వైపు. రొమ్ము టీబీలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. కాబట్టి సీబీనాట్, ట్రూనాట్ జన్యుపరీక్షల్లో టీబీ తేలితే అది గట్టి రుజువు, తేలకపోతే మాత్రం టీబీ లేదని పూర్తిగా అనలేం. ఛాతీ ఎక్స్‌రే, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్న ప్రశ్న, చంక బిళ్లల పరీక్ష అన్నీ కలిపి చూడాలి.

రిపోర్టులో ‘గ్రాన్యులోమా’ అన్న మాట కనబడగానే టీబీ మందులు మొదలుపెట్టడం మన దగ్గర తరచుగా జరుగుతుంది. టీబీ ఎక్కువ ఉన్న దేశంలో ఆ జాగ్రత్తను అర్థం చేసుకోవచ్చు. కాకపోతే ఇందులో ఒక మోసపోయే చోటు ఉంది. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ కొవ్వులోకి చొచ్చుకుపోయే మందు, పైన చెప్పిన కొరినీబాక్టీరియమ్ మీద కూడా అది పనిచేస్తుంది. కాబట్టి టీబీ మందుతో గడ్డ కొంత కరిగినంత మాత్రాన అది టీబీయే అని రుజువు కాదు. టీబీ అని నిజంగా తేలితే మాత్రం మందు సాధారణంగా ఆరు నెలలు ఆపకుండా వాడాలి. జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. పోషణ కోసం ని-క్షయ్ పోషణ్ పథకం 2018లో నెలకు రూ.500తో మొదలై, 2024 నవంబరు నుంచి రూ.1,000 అయింది.

టీబీ ఉన్నవారికి పొరపాటున స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే టీబీ రగులుకుంటుంది. ఐజీఎం ఉన్నవారికి ఆరు నెలలు టీబీ మందు ఇస్తే కాలేయం మీద భారం పడుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. రెండు తప్పులూ ఆమె ఒంటి మీదే పడతాయి.

మందులు

వ్యాధి నిర్ధారణ అయ్యాక మొదటి ప్రశ్న: ఇప్పుడే మందు కావాలా? గడ్డ చిన్నదై, నొప్పి తక్కువై, చీము లేకపోతే ఏ మందూ లేకుండా కనిపెట్టి ఉండటం కూడా చికిత్సే. ఐజీఎం చాలామందిలో తనంతట తానే ఆరిపోతుంది. అందుకు ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఈ మాట చెప్పి ఒప్పించడం మందు రాసివ్వడం కన్నా కష్టం. దూరం నుంచి ఛార్జీలు పెట్టుకుని వచ్చినామె ‘ఏమీ ఇవ్వలేదు’ అనుకుని వెళ్లి, మరో చోట కోయించుకునే ప్రమాదం ఉంది. నొప్పి మాత్ర ఇచ్చి, నెలకోసారి గడ్డ కొలత రాసి చూపిస్తే నమ్మకం నిలుస్తుంది.

చీము ఉన్నప్పుడు, కొరినీబాక్టీరియమ్ దొరికినప్పుడు లేదా అనుమానం ఉన్నప్పుడు కొవ్వులో కరిగే యాంటీబయాటిక్‌లు వాడతారు. డాక్సీసైక్లిన్, క్లారిథ్రోమైసిన్ వాటిలో ముఖ్యం. మామూలు చీముగడ్డలకు రాసే అమాక్సిసిలిన్ రకం మందులు ఈ జీవి దాక్కున్న కొవ్వు గూళ్లలోకి సరిగా చేరవు. కోర్సు వారాల తరబడి సాగుతుంది. డాక్సీసైక్లిన్ వాడుతూ ఎండలో పనిచేస్తే చర్మం కమిలిపోతుంది. గద్వాల వైపు పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పనికి వెళ్లే మహిళకు ఈ సంగతి ముందే చెప్పాలి: చేతులు నిండా కప్పుకోవాలి, తలకు కొంగు చుట్టుకోవాలి. మాత్రను నిండు గ్లాసు నీళ్లతో మింగి, వెంటనే పడుకోకూడదు. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు.

మంట ఎక్కువగా ఉంటే స్టెరాయిడ్లే ప్రధాన ఆధారం. ప్రెడ్నిసొలోన్‌ను శరీర బరువులో కిలోకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము చొప్పున మొదలుపెట్టి, గడ్డ కరుగుతున్న కొద్దీ వారాల మీద మెల్లగా తగ్గిస్తారు. ఎక్కువమందికి గుణం కనిపిస్తుంది. తగ్గించే దశలో, లేదా ఆపాక, కొందరికి మళ్లీ లేస్తుంది. ఆకలి పెరగడం, మొహం ఉబ్బడం, షుగరు, బీపీ ఎక్కడం ఈ మందుతో ఉన్న ఇబ్బందులు. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మొదలుపెట్టే ముందు షుగరు, హెపటైటిస్-బి, టీబీ పరీక్షలు చూసుకోవాలి. వట్టి కాళ్లతో మడిలో దిగి పనిచేసే వారికి పేగుల్లో స్ట్రాంగిలాయిడిస్ నులిపురుగులు ఉండే అవకాశం ఉంది. స్టెరాయిడ్‌తో అవి ఒంట్లో విపరీతంగా పెరిగి ప్రమాదం తెస్తాయి. అందుకే ముందుగా పురుగుల మందు ఇవ్వడం మన ప్రాంతంలో ఆలోచించదగ్గ జాగ్రత్త. టీబీ మందు కూడా వాడుతుంటే, రిఫాంపిసిన్ స్టెరాయిడ్ బలాన్ని తగ్గిస్తుందని గుర్తుంచుకోవాలి.

మాత్రల ఇబ్బందులు తప్పించడానికి స్టెరాయిడ్‌నే నేరుగా గడ్డలోకి ఇచ్చే పద్ధతి ఇటీవల బలపడింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్‌ను కొన్ని వారాల ఎడంతో ఇస్తారు. చర్మం మీద పుండ్లు ఎక్కువగా ఉన్నప్పుడు స్టెరాయిడ్ పూతమందును తుర్కియే వైద్యులు వాడి మంచి ఫలితాలు చూపారు. షుగరు ఉన్నవారికి ఈ రెండూ ఎంతో మేలైన దారులు. జిల్లా ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ యంత్రం, ఓపిక ఉన్న సర్జన్ ఉంటే ఇంజెక్షన్ కోసం హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు.

స్టెరాయిడ్‌తో లొంగనివారికి, మళ్లీ మళ్లీ వచ్చేవారికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. కీళ్లవాతానికి వాడే మోతాదే: వారానికి 7.5 నుంచి 15 మిల్లీగ్రాముల వరకు, తోడుగా వేరే రోజున ఫోలిక్ ఆమ్లం. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాలు పోతాయి. చీటీ మీద ‘వారానికోసారి’ అని రాస్తే చాలదు, ‘ప్రతి ఆదివారం’ అని తెలుగులో వారం పేరు రాసి, ఇంట్లో మరొకరికీ చెప్పాలి. నెలకోసారి రక్తకణాలు, కాలేయం పరీక్షలు చేయించాలి. గర్భం ధరించే ఆలోచన ఉంటే ఈ మందు పనికిరాదు, పాలిచ్చే తల్లికీ ఇవ్వరు. వాడేటప్పుడు గర్భనిరోధం తప్పనిసరి, ఆపాక కూడా డాక్టరు చెప్పిన నెలలు ఆగాలి. ఈ వ్యాధి వచ్చేది సరిగ్గా పిల్లలు కనే వయసులో కాబట్టి, ఈ మాట భర్తతో సహా కూర్చోబెట్టి మాట్లాడవలసినది.

ఈ మందుల వెనుక ఒక తెలుగు మనిషి ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్, ఆ తరువాత మెథోట్రెక్సేట్ అక్కడి నుంచే వచ్చాయి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో ఆ ప్రయోగశాలలోనే వెలుగు చూసింది. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తరువాత పుట్టినది. సుబ్బారావు 1948 ఆగస్టులో కన్నుమూశారు. గద్వాలలో ఒక తల్లి ఆదివారం నాడు మెథోట్రెక్సేట్, మరో రోజున ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే, ఆ రెండు గోళీలూ ఆయన బల్ల మీద నుంచి నడిచి వచ్చినవే.

ఆపరేషన్ ఎప్పుడు

వ్యాధి భాగాన్ని మొత్తంగా కోసి తీస్తే త్వరగా తగ్గుతుందనేది నిజమే. కానీ రొమ్ము ఆకారం పోతుంది, గాయం మానడానికి నెలలు పట్టవచ్చు, మంట చల్లారక ముందే కోస్తే పక్కనే మళ్లీ లేస్తుంది. మందులతో గడ్డ కుదించుకుపోయాక, మిగిలిన రంధ్రాన్నో మచ్చనో తీయడానికి సర్జరీ వాడడం మంచి క్రమం. రొమ్ము మొత్తం తీసేయడం ఈ వ్యాధికి దాదాపు ఎన్నడూ అవసరం పడదు. అలాంటి సలహా వస్తే ఆమె మరో సర్జన్‌కు చూపించుకోవడంలో తప్పు లేదు, చూపించుకోవాలి కూడా.

ఇంటి దగ్గర

చీము కారే రంధ్రం ఉన్నంతకాలం రోజూ శుభ్రమైన నీటితో కడిగి, పొడి గుడ్డ కట్టు కట్టుకోవాలి. పసరు, సున్నం, పసుపు ముద్ద పెడితే చర్మం కాలి, కొత్త పుండు పడి, అసలు పుండు ఏదో డాక్టరుకు తెలియకుండా పోతుంది. వదులైన నూలు రవిక మేలు. బిడ్డ పాలు తాగుతుంటే మంచి రొమ్ము నుంచి పాలివ్వడం ఆపనక్కర్లేదు, వాడుతున్న మందు అందుకు అనుకూలమైనదా అని మాత్రం అడగాలి.

పాలమూరు కుటుంబాలు పనుల కోసం హైదరాబాద్, ముంబయి, పుణె వెళ్లడం పాత సంగతి. చికిత్స మధ్యలో ఊరు మారితే స్టెరాయిడ్ మోతాదు తగ్గింపు తెగిపోతుంది, మెథోట్రెక్సేట్ రక్తపరీక్ష ఆగిపోతుంది. కొత్త ఊళ్లో కొత్త డాక్టరు గడ్డను మొదటి నుంచి చూస్తాడు, బహుశా కోస్తాడు. పాథాలజీ రిపోర్టు, స్లైడ్లు, వాడిన మందుల చీటీ, చివరి అల్ట్రాసౌండ్ ఒక ప్లాస్టిక్ సంచిలో వెంట ఉంటే ఆ కోత తప్పుతుంది. ఫోన్‌లో రిపోర్టు ఫొటో తీసిపెట్టుకోవడం సులువైన మార్గం.

గడ్డ పూర్తిగా కరిగాక కూడా కొన్నాళ్ల వరకు మూడు నెలలకోసారి, తరువాత ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. కొందరికి అదే రొమ్ములో, అరుదుగా రెండో రొమ్ములో మళ్లీ వస్తుంది. తిరిగి వచ్చిన గడ్డను పాత జబ్బేనని ఊహించకుండా అల్ట్రాసౌండ్, అవసరమైతే ముక్క పరీక్ష చేయించాలి. వయసు పెరిగిన కొద్దీ క్యాన్సర్ కూడా ఎవరికైనా రావచ్చు, ఒకసారి ఐజీఎం వచ్చి పోయినామె అందుకు మినహాయింపు కాదు.